చెంబుమొక్క మింగిన బల్లి

ప్రత్తిపాడు,
19 జనవరి 2025

జ్యోతీ,

మేమిక్కడ తిని తిరుగుతున్నాం. నువ్వూ వేళకి తింటున్నావనే ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. తినకపోతే ఇక్కడే ఆపి, తినొచ్చి మిగతాది చదువు.

మొన్న ఆదివారం నీ ఫోన్ కలిసిందన్న సంబరమే గానీ మనం మాట్లాడుకున్నదేముంది? నువ్వు హలో అంటావు, నేను హలో అంటాను, అంతలో తెగిపోతుంది. ఆ మేఘాలయలో మేఘాలు తప్ప టవర్లు లేవేమో. ఉత్తరమే నయం, ఆలస్యమైనా మాట మొత్తం చేరుతుంది.

నువ్వు ఆగస్టులో వచ్చినప్పుడు వసారాలో వేలాడదీసి వెళ్ళిన చెంబుమొక్క బాగానే ఉంది. ఆకు చివర తీగ, తీగ చివర చెంబు, చెంబుకో మూత. పురుగుల్ని తినే మొక్క అని నువ్వు చెప్పి వెళ్ళావు, వీధిలో అందరూ దాన్ని రాక్షసి మొక్క అంటున్నారు. బోరునీళ్ళు పోయొద్దన్నావు కదా, పక్కింటి నసీమున్నీసా వాళ్ళ ఏసీ కింద బకెట్ పెట్టి ఆ నీళ్ళే తెచ్చి పోస్తున్నాను. ఎరువు కూడా వెయ్యలేదు. ఎదగని మొక్క ఎదురుగా ఉంటే చిటికెడు డీఏపీ వెయ్యకుండా చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో, మిరప పండించే ఇంట్లో పెరిగినదానివి, నీకు తెలియాలి.

సీజన్ మొదలైంది. కల్లాల్లో ఎండిన కాయ టిక్కీ సంచులకెక్కి మన వసారాకి వస్తోంది. నేనూ నసీమున్నీసా, ఇంకో ముగ్గురం పొద్దున్నే ఏరడానికి కూర్చుంటాం. నీ మొక్క సరిగ్గా నా వెనకే వేలాడుతుంటుంది. మంచి కాయ ముందున్న తట్టలోకి, తెల్లబడ్డ తాలు కాయ వెనక్కి. వెనక్కి తిరిగి చూడకుండా విసరడం నా చేతికి ఎప్పుడో అలవాటైపోయింది. కోటేశ్వరి వసారాలో ఏరిన సరుకైతే సంచి విప్పి చూడక్కర్లేదని షావుకారు నలుగురిలో అంటాడు.

ఇక కళ్ళ సంగతి. నువ్వు అడగకముందే రాసేస్తున్నాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్‌కి ఆలస్యం చెయ్యొద్దు అని బ్రాడీపేట డాక్టరు అన్న మాట నేను మర్చిపోలేదు. సీజన్ అయ్యాక చేయించుకుంటాను. ఈ మాట రాస్తూ పైకి అన్నానో లేదో, గోడ గడియారం వెనక బల్లి పలికింది. బల్లి పలికిందంటే ఇక ఆ మాటకి తిరుగులేదు, నీ చదువు ఒప్పుకోకపోయినా సరే.

మీ బాబాయి చీమకుర్తి గ్రానైట్ లారీ మీదే ఉన్నాడు. ఎప్పుడో ఒక ఆదివారం వచ్చి, తిని, నిద్రపోయి వెళ్తాడు.

స్వెట్టరు తియ్యకు. చలి ఎంతుందో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు.

మీ పిన్ని
కోటేశ్వరి


బాఘ్‌మారా, మేఘాలయ
30 జనవరి 2025

పిన్నీ,

తిన్నాకే చదివాను. అన్నం, ఇక్కడి ఎండుచేపల పులుసు, నువ్వు పంపిన గోంగూర పచ్చడి. పచ్చడి అడుగంటింది. ఈ వాక్యం ఊరికే రాయలేదు.

నా పనేమిటని వెళ్ళేటప్పుడు అడిగావు, అప్పుడు సరిగ్గా చెప్పలేదు. నీ చెంబుమొక్క నర్సరీలో కొన్నది. ఇక్కడ కొండల మీద దాని అడవి చుట్టాలున్నాయి. ఇక్కడి గారో జనం వీటిని మెమాంగ్-కొక్సి అంటారు, అంటే దయ్యాల బుట్ట. ఆ బుట్టల్లో ఏం పడిందో తీసి చూడటమే నా ఉద్యోగం. ఇంత చదివించింది ఇందుకా అని నువ్వంటావని తెలుసు.

ఎక్కువగా చీమలే. మూత కింద తేనెలాంటిది ఊరుతుంది, దానికోసం వచ్చి జారిపోతాయి. కానీ అప్పుడప్పుడూ పడకూడనివి పడతాయి. మొన్న ఒక పెద్ద బుట్టలో చుంచెలుక దొరికింది. వెంట్రుకలూ పళ్ళూ ఎముకలూ మిగిలాయి, మిగతాదంతా మొక్క తాగేసింది. అంతకుముందు ఒక కప్పపిల్ల. ఇంకో బుట్టలో ఒక సాలీడు కాపురం పెట్టింది. అంచున గూడు కట్టుకుని, పడిన చీమల్ని మొక్క కంటే ముందు తనే తినేస్తోంది. నా థీసిస్ అంతా ఈ పెద్ద వేటల గురించే. చీమ కోసం పన్నిన ఉచ్చులో ఇంత జీవం ఎలా పడుతుంది, పడ్డాక ఎలా అరుగుతుంది అని. బల్లి కూడా పడుతుందని పుస్తకాల్లో ఉంది, నాకు మాత్రం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

నీ బల్లి పలుకులు నా దగ్గర పనికిరావు పిన్నీ. శుక్లం మరీ ముదిరిపోతే ఆపరేషన్ కష్టమవుతుందని డాక్టరు నా ఎదురుగానే అన్నాడు. అమ్మ పోయాక నాకున్నది నువ్వు. నీకు చూపు పోతే ఆ వసారాలో నువ్వేం చేస్తావు, ఇక్కడ నేనేం చేస్తాను? కాయలు ఏరడానికి ఇంకో నలుగురున్నారు. వచ్చే నెల్లోనే వెళ్ళు. నసీమున్నీసా అత్తని తోడు తీసుకెళ్ళు.

చెంబులో ఉన్న నీళ్ళు ఎప్పుడూ పారబొయ్యకు. అది దాని కడుపు.

స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్న,
జ్యోతి


ప్రత్తిపాడు,
12 ఫిబ్రవరి 2025

జ్యోతీ,

మంచి కబురుతో మొదలుపెడదామని చూశాను, కుదరలేదు. నీ మొక్క మన బల్లిని మింగేసింది.

మంగళవారం పొద్దున నీళ్ళు పోద్దామని వెళ్తే పెద్ద చెంబు కాస్త బరువుగా వంగినట్టనిపించింది. మూత పక్కకి వంచి చూద్దును కదా, అడుగున బల్లి. సగం మునిగి ఉంది, తోక పైకుంది. గడియారం దగ్గరికి వెళ్ళి చప్పట్లు కొట్టాను, చీపురుతో కదిపాను. అక్కడ లేదు. నాలుగు రోజులుగా పలకనూ లేదు. ఇక అనుమానం ఏముంది.

నువ్వు నవ్వకు. బల్లిని చంపడం పాపం. చంపింది మొక్క, పెంచింది నేను, తెచ్చింది నువ్వు. ఇందులో ఎవరి వాటా ఎంతో నాకు తెలియదు, నీ వాటా కూడా నాకే ఇమ్మని దణ్ణం పెట్టుకున్నాను.

కంచిలో బంగారు బల్లిని తాకితే దోషం పోతుందంటారు. వెళ్ళలేనివాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళని తాకినా సరిపోతుందట. మన వెనకవీధి వెంకటరావమ్మ గారు పోయినేడు కంచి వెళ్ళొచ్చారు. వాళ్ళింటికి వెళ్ళి, "ఏవండీ, మీ భుజం మీద పత్తి అంటుకుందండీ" అని దులిపి వచ్చాను. ఆవిడ భుజం మీద పత్తీ లేదు, ఏమీ లేదు. నేను గుమ్మం దాటేదాకా నావంకే చూస్తూ నిలబడింది.

ఇంట్లో ఇలా జరిగాక కంట్లో కత్తి పెట్టించుకోవడం మంచిది కాదు. ఉగాది వెళ్ళనీ, చూద్దాం. బల్లి సంగతి ఎవరికీ చెప్పకు. నసీమున్నీసాకి కూడా నేను చెప్పలేదు. పిల్లలు తొంగిచూడకుండా చెంబు మీద గుడ్డ కట్టాను. దాన్ని పారేద్దామంటే అది మొక్క కడుపు అంటివి. ఏం చెయ్యమంటావో రాయి.

దిగులుగా,
మీ పిన్ని


బాఘ్‌మారా,
22 ఫిబ్రవరి 2025

పిన్నీ,

నన్ను తిట్టుకోవాలనుకుంటే ఇప్పుడే తిట్టుకో. నీ ఉత్తరం చదివి నేను గంతేశాను. మాతో కొండెక్కే సాంగ్మా అనే పెద్దాయన చేతిలో టీ ఒలికింది. ఇన్ని నెలలుగా కొండలెక్కి దిగుతున్నా నాకు దొరకని బల్లి, నీ వసారాలో తనంతట తానే పడిందా?

తర్వాత రెండోసారి చదివాను. నీకు ఎంత బాధగా ఉందో అప్పుడు అర్థమైంది. నీ బల్లి పోయినందుకు నాకూ బాధగానే ఉంది, నిజంగా. కానీ పాపం మాట వదిలెయ్. మొక్క ఆకలికి తిన్నది. అన్నం తిన్నందుకు ఎవరికైనా శిక్ష పడుతుందా?

ఇప్పుడు నాకో సాయం చెయ్యి. చెంబు కదపకు, అప్పుడప్పుడూ గుడ్డ తీసి లోపల చూసి నాకు రాయి. రంగు ఎలా ఉంది? పొట్ట ఉబ్బిందా? చర్మం ఊడుతోందా? కాళ్ళూ తోకా ఉన్నాయా? వాసన ఎలా ఉంది? ఫోటో తీయించి పంపితే నీ పాదాలకి దణ్ణం.

ఆపరేషన్‌ని బల్లికి ముడిపెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. ఉగాది అన్నావు. ఉగాది అంటే ఉగాదే.

నీ స్వార్థపు
జ్యోతి


ప్రత్తిపాడు,
5 మార్చి 2025

జ్యోతీ,

నీకు గంతులూ నాకు దిగుళ్ళూ. సరే, నువ్వైనా సంతోషంగా ఉన్నావు. అడిగినవన్నీ చూసి రాస్తున్నాను.

ఫోటో కుదరదు. నా ఫోన్ తెర నిండా గీతలే, ఏం కనపడి చావదు. నసీమున్నీసా కొడుకుని అడిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది.

రంగు ఎర్రబడింది. మొదట్లో నల్లగా ఉన్నట్టుండేది, ఇప్పుడు తేటగా ఎర్రగా ఉంది. పొట్ట ఉబ్బింది. ఒంటినిండా ముడతలు. కాళ్ళు లేవు, ముందు అవే అరిగిపోయినట్టున్నాయి. తోక మాత్రం అలాగే ఉంది, సన్నగా, కాస్త వంకరగా. వాసనంటావా, చచ్చినదాని వాసన అస్సలు లేదు. ముఖం దగ్గరగా పెడితే ఆగకుండా తుమ్ములొచ్చాయి. నీ మొక్క కడుపులో ద్రావకం బాగా ఘాటుది.

పోయిన వారం మీ బాబాయి లారీలో సింగరాయకొండ వెళ్ళి నరసింహస్వామి గుడిలో దీపం పెట్టి వచ్చాను. ఎందుకే అని మీ బాబాయి అడిగితే మిరపకి ధర రావాలని అన్నాను. ఆయన నమ్మి తనూ ఒక దీపం పెట్టాడు.

ఎక్కడైనా రాసుకుంటే నా పేరు రాయకు. బల్లిని చంపిన ఇల్లు అని మన ఇంటి పేరు పుస్తకాల్లోకి ఎక్కకూడదు.

మీ పిన్ని


బాఘ్‌మారా,
15 మార్చి 2025

పిన్నీ,

నీ ఉత్తరాన్ని మా మేడమ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. నా పని చూసే ప్రొఫెసరు ఆవిడే. ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. బల్లి కుళ్ళిన వాసన లేకుండా అరుగుతోందంటే ఆవిడకి వింతగా ఉంది. కాళ్ళు ముందు పోవడం ఇంకా వింత. మామూలుగా చర్మం మెత్తబడి విడిపోవాలి, తర్వాత మాంసం కరగాలి, ఎముకలు ఆఖర్న అడుగున మిగలాలి. వచ్చే నెల షిల్లాంగ్‌లో జరిగే సభలో ఈ సంగతి చెప్పమంటోంది. నీ పేరు రాయను, గుంటూరు జిల్లాలో ఒక ఇల్లు అంటాను.

ఒక్కటే చూడు. చెంబుని మెల్లగా ఎండవైపు వంచి, నీళ్ళలో ఏం తేలుతున్నాయో చూడు. ఎముకలుంటే తెల్లగా కనిపిస్తాయి.

ఇంకో మాట. నీ ఉత్తరంలో రెండు వరుసలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. బాబాయి దీపం పెట్టిన సంగతి చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎప్పుడూ గీత గీసినట్టు రాసేదానివి. నీకు ఎంత కనపడుతోంది పిన్నీ? నాతో నిజం చెప్పు.

జ్యోతి


ప్రత్తిపాడు,
26 మార్చి 2025

జ్యోతీ,

కరెంటు లేనప్పుడు రాశాను, వరుసలు కలిసిపోయి ఉంటాయి. అది వదిలెయ్.

నువ్వు చెప్పినట్టే ఎండలో వంచి చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఎముకలు కాదు, గుడ్లు. పొట్ట పగిలి బయటకొచ్చాయి. చిన్నచిన్నవి, తెల్లగా, గుండ్రంగా, ఎన్నో ఉన్నాయి. అడుగంతా అవే. కడుపుతో ఉన్నదాన్ని మింగింది నీ మొక్క.

నా కడుపున ఏదీ నిలవలేదని నీకు తెలుసు. ఎందుకు నిలవలేదని ఒకప్పుడు రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని. అక్క పోయి, నువ్వు నా దగ్గరికి వచ్చాక అడగడం మానేశాను. నిన్ను పెంచుతూ ఆ సంగతే మర్చిపోయాను. ఇప్పుడు ఇన్నేళ్ళకి కడుపుతో ఉన్న తల్లి నా ఇంట్లో, నా చేతులతో నీళ్ళు పోసిన మొక్కలో పడి చచ్చింది. రాత్రి అన్నం సహించలేదు. వేరే ఎవరితోనూ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

ఆపరేషన్ మాట ఇక ఎత్తకు. నాకు చూపు పోవాలని రాసి ఉంటే పోనీ. చేసినదానికి అంతకంటే ఏం ఇచ్చుకుంటాను.

నువ్వు మాత్రం సభకి వెళ్ళు, బాగా చెప్పు. ఒకరికైనా ఉపయోగం ఉండాలి కదా.

మీ పిన్ని


బాఘ్‌మారా,
5 ఏప్రిల్ 2025

పిన్నీ,

ఇది రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. కూర్చుని చదువు.

మన ఇళ్ళలో తిరిగే బల్లి ఒక కాన్పుకి రెండు గుడ్లు పెడుతుంది. రెండే. నువ్వు చూసినవి గుడ్లు కావు. నువ్వు కడుపుతో ఉన్న దేన్నీ చంపలేదు. ఆ చెంబులో పడింది బల్లే కాదు.

ఎర్ర రంగు, ముడతలు, వాసన లేకపోవడం, తుమ్ములు. అన్నీ నువ్వు ఉన్నవున్నట్టు రాశావు. తట్టనిది నాకు. బల్లి దొరకాలన్న ఆశలో పడి నీ ఉత్తరాలన్నిట్లో బల్లినే చూసుకున్నాను. మేడమ్‌కి నిన్ననే చెప్పేశాను, సభలో ఇది చెప్పడం లేదని.

గుడ్డ విప్పి చెంబులో చెయ్యి పెట్టు. భయపడకు, ఆ నీళ్ళు నీ చేతిని ఏమీ చెయ్యవు. అందులో ఉన్నది బయటికి తీసి వేళ్ళ మధ్య పట్టుకో. అదేమిటో నేను రాయను. నీ వేళ్ళు ఎరగని వస్తువు కాదది.

అదేమిటో తెలిశాక నీకు నామీద కోపం వస్తుందేమో. రానీ. కానీ దాన్ని ముఖానికి అంత దగ్గరగా పెట్టుకుని కూడా నువ్వు పోల్చుకోలేదంటే, నీ చూపు నువ్వు నాతో చెప్పినంత లేదు. ఎంత లేదో చెప్పు. నాకు చాలా భయంగా ఉంది పిన్నీ. ఇక్కడ కొండ మీద కూర్చుని నీ చేతిరాత చూసి ఏడవడం తప్ప నేనేమీ చెయ్యలేకపోతున్నాను.

నీ
జ్యోతి


ప్రత్తిపాడు,
16 ఏప్రిల్ 2025

జ్యోతీ,

ఎండుమిరపకాయ.

నువ్వు రాయకుండా వదిలేసిన మాట నేనే రాస్తున్నాను. ముట్టుకోగానే తెలిసిపోయింది. తోక అనుకున్నది తొడిమ, గుడ్లనుకున్నవి గింజలు. ముప్పై ఏళ్ళుగా మిరపకాయ పట్టుకుని బతికినదాన్ని, మిరపకాయకి భయపడి సింగరాయకొండ వెళ్ళి దీపం పెట్టాను. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే అది మంచి కాయ జ్యోతీ. తేజ రకం, నిండు గింజ. మంచి కాయ నా వెనక వేలాడే చెంబులోకి ఎలా వెళ్తుంది? నేను విసిరితేనే వెళ్తుంది. తాలు అనుకుని విసిరాను.

నసీమున్నీసాని పిలిచి అడిగాను. ఏం లేదక్కా అంది. ఒట్టు పెట్టించుకుంటే తల వంచుకుని చెప్పింది. "నువ్వు అన్నానికి లేచెళ్ళినప్పుడు నీ తట్టా, నీ వెనక కుప్పా నేను మళ్ళీ ఏరుతున్నానక్కా. పోయిన సీజన్ నుంచీ ఇంతే. చెప్తే నువ్వు వసారాలో కూర్చోడం మానేస్తావని చెప్పలా." షావుకారు దగ్గర నా పేరు నిలబెడుతున్నది నా కళ్ళు కాదు, దాని కళ్ళు. తన పని తను చేసుకుని, నా పని కూడా దొంగచాటుగా చేస్తోంది. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అది నాకంటే ఎక్కువ ఏడ్చింది. బల్లి కథ చెప్తే మాత్రం కింద పడి నవ్వింది. బల్లి బతికే ఉంది, వంటింట్లో ఫ్రిజ్ వెనక్కి కాపురం మార్చింది. నసీమున్నీసా చూసి చెప్పింది.

నువ్వు నిజం అడిగావు. కుడికంట్లో మసక తప్ప ఏమీ లేదు, ఎడమకంట్లో అంతకంటే కాస్త నయం. నీ ఉత్తరాలు నేను చదవడం లేదు, పోస్ట్‌మాన్ ఏసోబు గుమ్మంలో నిలబడి చదివి పెడుతున్నాడు. నీ గంతుల సంగతీ, పచ్చడి అడుగంటిన సంగతీ అన్నీ అతనికి తెలుసు. మొన్నటి ఉత్తరం చదివాక మాత్రం కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇంక ఆలస్యం చెయ్యమాకండి అమ్మా" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

సీజన్ అన్నాను, బల్లి అన్నాను. అసలు సంగతి భయం. మీ అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక ఆ కన్ను చీముపట్టి పోయింది. నువ్వప్పటికి పుట్టలేదు. ఆ కన్ను దూదితో తుడిచింది నేను. అప్పటి రోజులు వేరు, ఇప్పటి వైద్యం వేరు అని నువ్వంటావు, నిజమే. కానీ ఆసుపత్రి అంటే నాకు ఆ దూదే గుర్తొస్తుంది. ఇప్పుడూ భయం పోలేదు. కానీ నా వెనక కూర్చుని ఒకరు నా తప్పులు ఏరుతుంటే తెలిసీ ఊరుకోలేను.

వచ్చే నెల మొదటి వారంలో కుడికన్నుకి రోజు ఇచ్చారు. మీ బాబాయి లారీ వదిలిపెట్టి వస్తానన్నాడు. నువ్వు పని వదులుకుని పరిగెత్తుకు రావద్దు.

మీ పిన్ని


బాఘ్‌మారా,
25 ఏప్రిల్ 2025

ఏసోబు అన్నా,

ఇది పిన్నికి కాస్త గట్టిగా చదివి వినిపించు.

పిన్నీ, పరిగెత్తుకు రావద్దని నువ్వంటే నేను ఆగుతానా? కానీ ఇక్కడ వానలకి రోడ్డు తెగింది, అప్పటిలోపల కొండ దిగే దారి లేదు. నీ కంటికి కట్టు కట్టే వేళకి నేను పక్కన ఉండలేకపోతున్నందుకు ఏడుపొస్తోంది. నసీమున్నీసా అత్తకి నా తరఫున చెప్పు, తనకి నేను జీవితాంతం రుణపడి ఉంటానని. కాదు, నువ్వు చెప్పకు, నేనే వచ్చి చెప్తాను.

మేడమ్ మిరపకాయ కథ విని ముందు తల పట్టుకుంది. తర్వాత, మొక్క దాన్ని అరిగించుకోలేకపోయిందా అని అడిగింది. లేదన్నాను. గుంటూరు మిరపకాయ కదా అంటే చాలాసేపు నవ్వింది.

డాక్టరు చెప్పిన చుక్కలు వేళ తప్పకుండా వేయించుకో. కట్టు విప్పాక చెయ్యి పెట్టి నులమకు. మిరప ఘాటు దగ్గరికి వెళ్ళకు. భయమేస్తే అత్త చెయ్యి పట్టుకో.

దారి తెరవగానే కొండ దిగే,
జ్యోతి


ప్రత్తిపాడు,
15 మే 2025

జ్యోతీ,

ఈ ఉత్తరం నేనే రాసి, నేనే చదువుకున్నాను. వరుసలు చూడు.

ఆపరేషన్ నేను భయపడినంత సేపు కూడా పట్టలేదు. మర్నాడు కట్టు విప్పి, కళ్ళు తెరవమ్మా అన్నారు. తెరిచే ధైర్యం లేక చాలాసేపు మూసుకునే కూర్చున్నాను. తెరిస్తే ఎదురుగా నసీమున్నీసా. "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే" అన్నాను. అది మూతికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. మీ బాబాయి చొక్కా మీద ఆవకాయ మరక ఉంది, అదీ చెప్పాను. నర్సులు నవ్వారు.

ఇంటికొచ్చి చూస్తే ఇల్లంతా బూజు. ఇంత బూజులో ఇన్నాళ్ళూ ఉన్నానా అనిపించింది. చీపురు పట్టుకోబోతే మీ బాబాయి లాక్కున్నాడు. వసారాలోకి ఇంకా వెళ్ళనివ్వడం లేదు, ఘాటు తగలకూడదని. ఈ సీజన్‌కి నా తట్ట ముందు నసీమున్నీసా కూతురు సఫూరా కూర్చుంటోంది. పిల్ల చెయ్యి మంచిదే. ఎడమకన్ను వానలు మొదలయ్యాక చేస్తామన్నారు. ఈసారి నేను బల్లిని అడగను.

రావద్దని రాశాను కదా, ఆ మాట తీసేస్తున్నాను. దారి తెరవగానే రా. మేడమ్‌కి ఏం చెప్తావో నాకు తెలియదు.

నువ్వు ఆగస్టులో వచ్చావు. నా పక్కనే పడుకున్నావు, నేను నీకు జడ వేశాను, అన్నం కలిపి పెట్టాను. గొంతుని బట్టి నువ్వు ఎటున్నావో తెలుసుకుని అటు తిరిగి మాట్లాడాను. ఎదురుగా కూర్చుని నువ్వు నవ్వుతుంటే నేనూ నవ్వాను. నీ ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంది. నువ్వు వచ్చి వెళ్ళి ఏడాది కూడా కాలేదని నాకు తెలుసు. కానీ నిన్ను చూసి రెండేళ్ళు దాటింది జ్యోతీ.

మీ పిన్ని
కోటేశ్వరి